మొదటి నీళ్ళు

ఆరోగ్యమ్మత్త చీటీ మీద "నాకు ఓపిక అయిపోయింది, ఇక నా వల్ల కాదు" అని రాసింది నేను. ఆవిడ ఆ మాట అనలేదు. మూడేళ్ళయింది, ఇది ఎవరితోనూ నోరు తెరిచి చెప్పలా. పాపసంకీర్తనానికి పోయినప్పుడల్లా ఫాదర్‌గారి పక్కన మోకాళ్ళేసి, అబద్ధాలు రెండు, అమ్మ మీద కోపం మూడుసార్లు, జపమాల మధ్యలో కునుకు ఒకసారి అని గబగబా అప్పజెప్పి, దీన్ని మటుకు గొంతులోనే ఉంచుకుని లేచొచ్చేదాన్ని. ఆరోగ్యమ్మత్త కథ మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఇన్నాసమ్మ పెద్దమ్మ చెప్పుద్ది. మిరపకాయల కోతలో చెప్పుద్ది, ఆటోలో చెప్పుద్ది, గుడి అరుగు మీద కొత్తవాళ్ళెవరన్నా కూర్చుంటే వాళ్ళ పేరు అడక్కముందే మొదలుపెట్టుద్ది. ఆవిడ చెప్పినట్టే రాస్తన్నా, ఆవిడ అంటలూ అనుకోలూ తియ్యకుండా. కాకపోతే ఆ కథలో ఆవిడకి తెలియని చోటు ఒకటుంది. అక్కడికి రాగానే పెద్దమ్మని ఆపి నేను చెప్తా.

ఇక పెద్దమ్మ మాట. ఆరోగ్యమ్మ అని ఒకావిడ ఉండేదంట. "అంట ఏందే ముసలీ, నీ ఎదురింటావిడేగా" అంటారు మీరు. ఎదురింటావిడైనా కథలోకి వచ్చాక అంట అనాల్సిందే. మన గుడి అప్పుడు రేకుల గుడి. నెలకి ఒక్క పూజ. ఫాదర్‌గారు పెద్దూరి నించి మోటారు సైకిలు మీద వచ్చేవాడు, దిగేసరికి తెల్ల అంగీ ఎర్రంగీ అయ్యేది. అప్పటినించీ పీఠం గుడ్డలు ఉతికేది ఆరోగ్యమ్మేనంట. పీఠం మీద పరిచేవి, గిన్నె తుడిచేవి, సత్ప్రసాదం అప్పం కింద వేసేవి, అన్నీ. ముప్ఫై ఏళ్ళు. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ఇట్టా మూడు మడతలు, అట్టా మూడు మడతలు. విప్పితే తొమ్మిది గళ్ళు పడాలి. గళ్ళు వంకర పడితే ఆ రోజు ఆవిడకి అన్నం సయించేది కాదంట. మొగుడు పోయింది శనివారం అనుకో. మట్టి చేసి వచ్చి, తల మీద నీళ్ళు పోసుకుని, తిన్నగా పోయి గుడ్డలు నానేసిందంట. నేనే అడిగా, "ఏందే ఆరోగ్యం, ఇయ్యాల కూడానా" అని. "ఆయన పోయాడు వదినా, ఆదివారం పోలేదుగా" అంది. అట్టాంటి మనిషి. వింటన్నారా, లేకపోతే ఆ సెల్లు చూసుకుంటన్నారా.

ఏమైందంటే, రోడ్డు పక్కన నూలు మిల్లు పడింది. అరవై గడపల ఊరు మూడొందల గడపలయింది. యాడాడోళ్ళో వచ్చారు. వాళ్ళల్లో మనోళ్ళు, అదే, జపమాల మెళ్ళో వేసుకునేవాళ్ళు, చానామంది తేలారు. పండగ పూజకి గుడి పట్టక సగం మంది ఎండలో నిలబడి, లోపల ఏం జరగతందో ముందువాళ్ళని అడిగి మోకాళ్ళేసేవాళ్ళంట. దాంతో బిషప్పుగారు మన ఊరిని విచారణ చేశాడు. అంటే ఫాదర్‌గారు ఇక చుట్టం కాదు, మన ఊరోడే. ఈడే వంట, ఈడే పడక. అట్టా వచ్చినాయనే బాలశౌరి ఫాదర్‌గారు. మొదటి ఆదివారమే ప్రసంగంలో గృహనిర్వాహకత్వం అన్నాడంట. వెనక నించి చిన్నప్ప, లారీ మీద చేసి మానుకున్నోడు, వాడికి మెల్లగా మాట్లాడటం రాదు, "అదేంది ఫాదర్‌గారూ, మాకు ఇంటిపని పెడతారా" అన్నాడంట. ఫాదర్‌గారు నవ్వి, "ఇంటిపనే చిన్నప్పా. పొలం నీది కాదు, కౌలుకి చేస్తన్నావనుకో, అయినా నీదానికంటే బాగానే చూసుకుంటావు కదా. మన ప్రాణం, మన పొద్దు, మన చేతిలో పని, అన్నీ దేవుడి దగ్గర కౌలుకి తీసుకున్నయ్యే" అన్నాడంట. "మరి పంట పోతే?" అన్నాడు చిన్నప్ప. "దున్నావా లేదా అనే అడుగుతాడాయన" అన్నాడంట ఫాదర్‌గారు. అప్పుడిక చెప్పాడు. ఊరు పెరిగింది, నేనొక్కణ్ణీ చాలను, ఉపదేశి రాయప్పగారొక్కరూ చాలరు. ఇంటికో చీటీ. ఏడాది పాటు గుడికి ఏ పని చేస్తారో రాసి వచ్చే ఆదివారం బుట్టలో వెయ్యండి. ముందుగా నాకు చూపించొద్దు, ఒకళ్ళకొకళ్ళు చూపించుకోవద్దు, దేవుడికి రాయండి. ఇదీ సంగతి. రాయటం రానోళ్ళకి రెజీనా రాసిపెట్టింది. ఎంత ఓపికో ఆ పిల్లకి, శనివారం మధ్యాన్నం నించి పొద్దుగూకేదాకా అరుగు మీద అట్ట పెట్టుకుని కూర్చుందంట. ఆదివారం ఫాదర్‌గారు చీటీలు చదవతంటే నమ్ము నమ్మకపో, ఎవరికి తగ్గ పని వాళ్ళకి పడింది. పరిశుద్ధాత్మ రాయించిందంట.

ఇదీ ఆ చోటు. పెద్దమ్మా, ఒక్క నిమిషం ఆగు. రెజీనా అంటే నేనే. ఆ చీటీలు పరిశుద్ధాత్మ రాయించలా, నేనే రాశా. నేను బడికి పోయింది రెండో తరగతి దాకానే. మిగతా అక్షరాలు గుడిలోనే నేర్చుకున్నా. పాటలన్నీ నోటికొచ్చు గదా, కీర్తనల పుస్తకం తెరిచి, పాడతా పాడతా ఒక్కో అక్షరం మీద వేలు జరుపుకుంటా పోయా. రెండేళ్ళకి పుస్తకం మొత్తం దారికొచ్చింది. అట్టా నేర్చుకున్న అక్షరం కదా, దాంతో ఏదో ఒకటి చెయ్యాలని చెయ్యి ఊరుకునేది కాదు. ఆ శనివారం ముందు లూర్దమ్మ పిన్ని వచ్చింది. "పాటలు పాడతా అని రాయి" అంది. పిన్ని పాడితే వెనక బెంచీల్లో చంటిపిల్లలు లేస్తారు. కానీ పిన్నికి ఇంకో గుణముంది, దారినపోయే ఎవర్నైనా ఆపి, ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎందుకు చిక్కిపోయావు అని అడగందే వదలదు. నేను "గుమ్మం దగ్గర నిలబడి కొత్తవాళ్ళని పలకరిస్తా" అని రాశా. చిన్నప్ప బాబాయి వచ్చి "నాకు కూర్చుని చేసే పని ఏదన్నా చూసి రాయి పిల్లా" అన్నాడు. "పూజ టైములో బళ్ళు వరసలో పెట్టిస్తా" అని రాశా, ఆ గొంతు ఇంక దేనికి. అట్టా ముప్ఫై రెండు చీటీలు. సగం వాళ్ళు చెప్పింది, సగం నేననుకున్నది. ఎవరిది వాళ్ళకి చదివి వినిపించాలిగా. వాళ్ళు చెప్పిందే చదివి వినిపించా, కాయితం మీద ఉన్నది కాదు. తెల్లారి ఫాదర్‌గారు వేరేగా చదివితే, పరిశుద్ధాత్మ పనేనని వాళ్ళే సర్దుకున్నారు. తప్పనిపించలా. సరదాగా ఉంది, నిజం చెప్పాలంటే. ఊరంతా నా అట్ట మీదున్నట్టు.

ఆఖర్న ఆరోగ్యమ్మత్త వచ్చింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటా నా పక్కన కూర్చుని, "రాయి. ఆరోగ్యమ్మ. పీఠం గుడ్డలు ఉతికిద్ది. ఎప్పట్లాగే. ఎప్పట్లాగే అనేది మర్చిపోమాకు" అంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గుడి వెనక పూజ సామాన్ల గది. అందులో ఇనప బీరువా. పై అరలో గుడ్డలు, కింద రెండు అరల్లో పుస్తకాలు. ఎప్పటెప్పటి ఫాదర్లో వదిలేసిపోయినవి, పునీతుల చరిత్రలు, వైద్యం పుస్తకం, అట్టలూడిన కథల పుస్తకాలు. ఆ గది తాళం ఆరోగ్యమ్మత్త బొడ్లో. ఒకసారి తలుపు సందులోనించి చూస్తన్నానని, "లోపలికి రామాకు, నీ చేతులకి కారముంది" అంది. ఉంది కూడా, కోతలకి పోయొచ్చా. కానీ ఆ మాట నాకు కారం కంటే ఎక్కువ మండింది. ఆ మంట, ఆ పుస్తకాలు, అప్పటికే ముప్ఫై ఒక్క చీటీలు రాసిన పొగరు, మూడూ కలిసి నా చేత ఆ ముక్క రాయించినై. "నాకు ఓపిక అయిపోయింది, ఇక నా వల్ల కాదు, చిన్నవాళ్ళెవరన్నా చేస్తే బాగుండు." అత్త అడిగింది, "రాశావా? ఏదీ, చదువు." చదివా. "ఆరోగ్యమ్మ. పీఠం గుడ్డలు ఉతికిద్ది. ఎప్పట్లాగే." అత్త ఆ కాయితం తీసుకుని, రెండు కళ్ళకీ అద్దుకుని, నాలుగు మడతలు పెట్టింది. ఆ మడతలు కూడా ఎంత సరిగ్గా పడినయ్యో. ఆవిడ పోయాక నా చీటీ రాసుకున్నా. "పీఠం గుడ్డలు."

సరే, పెద్దమ్మా, చెప్పు. ఆదివారం ఫాదర్‌గారు అందరి చీటీలూ చదివి, ఆరోగ్యమ్మ చీటీ దగ్గర ఆగాడంట. ముప్ఫై ఏళ్ళు సేవ చేసిన తల్లి, ఎంత వినయంగా తప్పుకుంటందో చూడండి, అని చదివి, రాయప్పగారిని పంపి తన పెట్టెలో నించి శాలువా తెప్పించి, పీఠం ముందే కప్పాడంట. ఊరంతా చప్పట్లు. లూర్దమ్మ ఏడ్చింది, లూర్దమ్మ దేనికైనా ఏడ్చిద్దనుకో. ఆరోగ్యమ్మ మటుకు బొమ్మలా నిలబడిందంట. ఏమన్నా చెప్పమ్మా అంటే, "ఫాదర్‌గారి మాట" అని, అంతే అందంట. ముందురోజు మరియమాత కల్లోకొచ్చి, చాల్లే బిడ్డా, ఇక కూర్చో అందంట. అందుకనే అంత నెమ్మదిగా వదిలేసింది. కల ఎవరు చెప్పారంటారా? ఎవరో చెప్పబట్టే నాకు తెలిసింది.

కల లేదు, ఏమీ లేదు. శాలువా కప్పతంటే ఆరోగ్యమ్మత్త ఒక్కసారి తల తిప్పి ఆడవాళ్ళ వైపు చూసింది. మూడో బెంచీలో నన్ను చూసింది. అంత గుళ్ళో, తను చెప్పిన మాట ఒకటి, ఫాదర్‌గారు చదివిన మాట ఒకటి అని తెలిసింది ఇద్దరికే. నేను కీర్తనల పుస్తకంలోకి తల దూర్చా. అరిచేస్తదనుకున్నా. అరవలా. పూజ అయ్యాక గది దగ్గరికి రమ్మంది. బొడ్లోనించి తాళం తీసి, నా చేతిలో పెట్టి, "గుడ్డలు నీలాగే ఉంటాయి రెజీ. తెల్లగా కనపడతయ్యి, మరక లోపలుంటది" అంది. తిట్టినా బాగుండేది. రాయప్పగారిని పిలిచి బీరువా తలుపు లోపలి వైపు పెన్సిలుతో కూతురి ఫోను నంబరు రాయించింది. "ఈ పనిలో నీకు తెలియనియ్యి ఉన్నయ్యి. అడిగితే చెప్తా. అడిగితేనే" అని, వారం తిరక్కముందే ఒంగోల్లో కూతురి దగ్గరికి పోయింది. తనకి శనివారాలు ఈ ఊళ్ళో గడవవంట, పోతా పోతా ఎవరితోనో అంది.

నేను అడిగితే గదా. అడగాలంటే ఫోను చెయ్యాలి, చేస్తే ముందు చీటీ మాట రావాలి. కాబట్టి నా తిప్పలు నేను పడ్డా. మొదటివారం నీలిమందు ఎక్కువై పీఠం గుడ్డ ఆకాశం రంగుకొచ్చింది. ఫాదర్‌గారు "నీలం పరవటానికి ఇయ్యాల మాత పండగేం కాదే" అన్నాడు. రెండోవారం గంజి ఎక్కువై, అప్పం కింద గుడ్డ విప్పితే అట్టలా నిలబడింది. చిన్నప్ప బాబాయి "పిల్లా, దాని మీద తలుపు కూడా బిగించొచ్చు" అన్నాడు. నెమ్మదిగా చెయ్యి తిరిగింది. పుస్తకాలన్నీ ఆర్నెల్లలో చదివేశా. పుస్తకాలు అయిపోయినయ్యి, గుడ్డలు అయిపోలా. ఏమైందంటే, అప్పటికి ఆ పనే బాగుండటం మొదలెట్టింది. శనివారం మధ్యాన్నం ఆ గదిలో ఎవరూ ఉండరు. ఇస్త్రీ కింద గుడ్డ సాఫీ అవతంటే నాలో కూడా ఏదో కాసేపు కుదురుగా కూర్చునేది. ఆరోగ్యమ్మత్త ముప్ఫై ఏళ్ళు ఎందుకు వదల్లేదో అప్పుడు తెలిసింది. ఏం లాభం.

ఇక బొప్పాయి సంగతి పెద్దమ్మే చెప్పాలి, నేను చెప్తే రుచి ఉండదు. ఆరోగ్యమ్మ ఊరొదిలి పోయిన ఏడాదికి, ఆ గది వెనకున్న జామచెట్టు ఎండటం మొదలెట్టిందంట. ఎట్టాంటి చెట్టు. కొమ్మకి పాతిక కాయలు. ఆకు రాల్చి, మూతి ముడుచుకుని నిలబడింది. అలిగిందంట. అటుపక్క మురిక్కాలవ లేదూ, ఆ కాలవ ఒడ్డున ఎవరూ వెయ్యని బొప్పాయి మొలిచి, తాటిచెట్టుతో పోటీ పడి లేచిందంట. కాయలా అవి, బిందెలు. ఇది వింతే కదా మరి. అందులో ఒకటి పండితే ఫాదర్‌గారి వంటమనిషి కోసుకుపోబోయింది, అప్పుడు రాయప్పగారు ఆపాడంట. "ఆగమ్మా. ఆ కాలవకి నీళ్ళు యాడియ్యి?" అన్నాడంట. "గుడ్డలుతికిన నీళ్ళు" అంది రెజీ. రాయప్పగారు నెత్తిన చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడంట. ఎందుకంటే, వినండి, పీఠం గుడ్డలు నానేసిన మొదటి నీళ్ళు మురిక్కాలవకి పోకూడదంట. గుడ్డకి సత్ప్రసాదం పొడి అంటుకుని ఉంటది గదా. ఆ మొదటి నీళ్ళు మంచి నేలకి, చెట్టు మొదట్లో పొయ్యాలంట. ఆరోగ్యమ్మ ముప్ఫై ఏళ్ళు జామచెట్టు మొదట్లోనే పోసిందంట, రాయప్పగారు కళ్ళారా చూశాడంట. తను మటుకు ఇది ఎవరికీ చెప్పలేదు, ఆవిడకదొక పని అనిపిస్తే గదా చెప్పటానికి.

ఆ రోజు నా మొహం ఎట్టా ఉందో నాకు తెలియదు గానీ, పెద్దమ్మ మటుకు "రెజీ మొహం సున్నం కొట్టినట్టయింది" అని చెప్పుద్ది, నిజమే అయ్యుండిద్ది. అప్పుడు బయల్దేరింది తగాదా. ఆ బొప్పాయి తినొచ్చా, తినకూడదా. మరియదళం ఆడవాళ్ళు తినకూడదన్నారు, అది పవిత్రం అని. యువకులు తినొచ్చన్నారు, అది బొప్పాయి అని. లూర్దమ్మ పిన్ని, "కడుపుతో ఉన్నోళ్ళు మటుకు తినకూడదు, ఎవరి నీళ్ళు పోసినా బొప్పాయి బొప్పాయే" అంది. చిన్నప్ప బాబాయి, "అసలు దీన్ని కోసే ముందు మోకాళ్ళెయ్యాలా, కోశాక వెయ్యాలా" అన్నాడు. మూడు రోజులు కాయ అట్టాగే వేలాడింది. చివరికి ఫాదర్‌గారు వచ్చి చెట్టు చుట్టూ తిరిగి, "చెట్టు తన పని తను చేసింది. దాని కింద ఏం పోశారో దాన్నడిగితే ఏం చెప్పుద్ది" అని, ఆ వారం కొత్త గుడికి పునాది తవ్వటానికి వచ్చిన వాళ్ళందరికీ తలా ఒక ముక్క కోయించి పెట్టాడు. మిల్లోళ్ళు, ఊరోళ్ళు, పలుగూ పారా పక్కన పెట్టి తిన్నారు. తియ్యగా ఉందన్నారు. నాకూ ఒక ముక్క పెట్టారు. నేను తినలా. ఆ సాయంత్రం నించీ మొదటి నీళ్ళు జామచెట్టుకే పోస్తన్నా. మొన్న చూశా, మొదట్లో రెండు ఎర్రటి చిగుళ్ళు వేసింది.

పెద్దమ్మ తన కథని ఇట్టా ముగించిద్ది. ఆరోగ్యమ్మ యాడున్నా ఆవిడ దీవెన ఈడుందంట. పొయ్యేటప్పుడు రెజీని దగ్గరికి తీసుకుని, నువ్వు నా కూతురి లాంటిదానివి, నా పని నీ చేతుల్లో పెడతన్నా అందంట. అట్టా వదులుకోవాలంట ఎవరైనా. కథ కంచికి పంపను, గుడికే పంపుతా, అక్కడైతే మళ్ళీ ఎప్పుడైనా అడిగి తెచ్చుకోవచ్చు, అంటది.

అట్టా వినీ వినీ ఇన్నాళ్ళు ఊరుకున్నా. కథ బాగుంది గదా, ఎవరికి నష్టం అనుకున్నా. కానీ నిన్న పూజ అయిపోయినాక ఫాదర్‌గారు కొత్త గుడి ప్రతిష్ట తేదీ చదివాడు. బిషప్పుగారు వస్తన్నారు. ఆ రోజు, మూడేళ్ళుగా ఒక్క ఆదివారం తప్పకుండా పీఠం గుడ్డలు చూసుకున్న మన రెజీనాకి బిషప్పుగారి చేతుల మీదుగా శాలువా, అన్నాడు. చప్పట్లు కొట్టారు. లూర్దమ్మ పిన్ని ఏడ్చింది. చిన్నప్ప బాబాయి బయట బళ్ళ దగ్గర నించే "మా పిల్లే" అని కేకేశాడు. నేను లేచి నిలబడాల్సి వచ్చింది. బొమ్మలా నిలబడ్డా. ఏమన్నా చెప్పమ్మా అంటే, నా నోట్లోనించి వచ్చిన మాట, "ఫాదర్‌గారి మాట." అప్పుడు నేనూ తల తిప్పి ఆడవాళ్ళ వైపు చూశా. మూడో బెంచీలో నన్ను చూసేవాళ్ళెవరూ లేరు. చూడాల్సిన మనిషి ఒంగోల్లో ఉంది, పాత శాలువా పెట్టెలో పెట్టుకుని. మూడేళ్ళు ఆవిడ ఎవరితోనూ అనలేదు. కూతురితో అన్నా ఈపాటికి ఊరికి తెలిసేది. నా తప్పుని కూడా గుడ్డ మడిచినట్టు మడిచి దాచింది, ఏ మూలా బయటికి కనపడకుండా.

ఇయ్యాల పొద్దున పూజ కాగానే గది తీశా. కొత్త పీఠానికి కొత్త గుడ్డ వచ్చింది, మిల్లోళ్ళు ఇచ్చారు, ఎనిమిది మూరలు, ఇంత పొడుగు గుడ్డ నేనెప్పుడూ మడవలా. మూడుసార్లు మడిచా, మూడుసార్లూ వంకరే. నాకు తెలియదు, ఆవిడకి తెలుసు. బీరువా తలుపు తెరిచా. పెన్సిలు రాత సగం చెరిగిపోయింది. చెరిగినా పర్లేదు, ఆ పది అంకెలూ నాకు పాటలాగా నోటికొచ్చు, మూడేళ్ళ నించీ లోపల్లోపల పాడుకుంటానే ఉన్నా. ఎత్తగానే ఆవిడేమంటదో కూడా తెలుసు. "అడగటానికి ఇన్నాళ్ళు పట్టిందా" అంటది. గుడ్డ సంగతి తర్వాత అడుగుతా. ముందు చీటీ సంగతి చెప్పుకోవాలి, తర్వాత బిషప్పుగారొచ్చే ముందు శనివారానికి రమ్మనాలి, శాలువాకి కాదు, ఉతకటానికి. వస్తదో రాదో ఆవిడిష్టం. ఆ తర్వాత ఫాదర్‌గారి దగ్గరికి పోయి మోకాళ్ళేస్తా, ఈసారి అబద్ధాలు రెండు అనను. పెద్దమ్మ కథ పాడైపోయిద్దేమో అని ఒక బెంగ. ఏం పాడవదు, నాలుగు రోజుల్లో నన్ను దొంగని చేసి ఇంతకంటే బాగా చెప్పుద్ది, చీటీ దొంగ అనంటే మిరపకోతలో పని కూడా చురుగ్గా సాగిద్ది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేశా. చేతులు తుడుచుకున్నా, కారం లేదు. ఫోను తీశా. చేస్తన్నా.